నేను నీళ్లు మాన్పించిన పూట

"నీళ్లు పోస్తే ఇంకా పోతాది సార్! పొద్దున్నుంచి నేనే ఆపించినా. నలుగురు బిడ్డల్ని సాకినదాన్ని, నాకు తెలీదా?"

"ఆపితే బిడ్డ బతకదమ్మా. చెంచా ఇటివ్వు."

"ఇయ్యను. ముందు కడుపు కట్టుకోనీ."

"నీకు తెలిసింది తప్పు."

అది 1990 ఆగస్టు, కువైట్. ఇరాక్ సైన్యం వచ్చి రెండు వారాలు దాటింది. నాతో వాదిస్తున్నది నేను పనిచేసే ఇంటి యజమాని, జపాను డాక్టరు. అక్కడి జపానువాళ్లకు వైద్యం చూడటానికి వచ్చినాయన. ఆ ఇంట్లో వంటా, ఇంటిపనీ నావి. నాది మూడో తరగతి చదువు, కడప జిల్లా హిందీ. ఆయనది కుర్రతనంలో కలకత్తాలో నేర్చిన హిందీ. రెండూ కుంటివే అయినా పోట్లాడుకోవడానికి సరిపోయేవి.

బిడ్డ మా కింది అంతస్తులో ఉండే సత్యవతి కూతురు లక్ష్మి. ఏడాది నిండింది. వాళ్లది కోనసీమ. సత్యవతి మొగుడు ఊరికి దూరంగా ఉండే అమ్ఘరాలో పాత ఇనుము పనికి వెళ్లి, దారులు మూసుకుపోయి అక్కడే చిక్కుకున్నాడు. ముందురోజు నుంచి బిడ్డకు విరేచనాలు. దగ్గర్లోని క్లినిక్ మూసేశారు. పెద్దదాన్ని కదా అని సత్యవతి నన్నడిగితే, నీళ్లూ పాలూ మాన్పించమన్నాను. మా వైపు మేం అట్లాగే చేసేవాళ్లం. మధ్యాహ్నానికి బిడ్డ మెడ వాల్చేసింది. కడుపు కట్టే బిళ్ల ఏదైనా ఇస్తాడేమోనని మేడెక్కి డాక్టరును అడిగితే, ఆయన తనే దిగి వచ్చాడు.

వచ్చి నేలమీద కూర్చుని లక్ష్మి పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలాడు. అది మడత పెట్టిన గుడ్డలా అట్లాగే నిలిచిపోయింది.

"చూడు. ఏడుస్తోంది, కంట్లో చుక్క లేదు. దీన్ని డీహైడ్రేషన్ అంటారు. ఒంట్లో నీరు ఎండిపోవడం."



"అక్కా, పెద్దోరని మీ మాటిన్నానండి. ఇప్పుడు ఎవరి మాట ఇనమంటారండి?" అని సత్యవతి ఏడుపు.

"ఆయప్ప మాటే ఇనుమ్మే. నాది తప్పు." ఆ మాట అనడం నాకు తేలిక కాలేదు.

సైన్యం వచ్చిన రోజే నేను ఇంట్లోని గిన్నెలన్నీ నీళ్లతో నింపి, ఆ తర్వాత గ్లాసు లెక్కన వాడుతున్నాను. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు పట్టాలని ఆయన అంటే, కాచి చల్లార్చిన లీటరు నీళ్లు కిందికి తెచ్చి, వంటలో మాదిరే చేత్తో ఉప్పు వేశాను. డాక్టరు రుచి చూసి మొత్తం తూములో పోశాడు.

"అయ్యో, ఈ కాలంలో నీళ్లు పారబోస్తారా!"

"ఉప్పు ఎక్కువైతే ఇదే బిడ్డకు విషం. వంటకు నీ చెయ్యి, మందుకు చెంచా."

అప్పుడు నేర్పాడు లెవెల్ స్పూన్ అంటే ఏమిటో. టీ చెంచా నింపి, పైన గుట్టగా ఉన్నదాన్ని చాకు వీపుతో గీసెయ్యాలి. లీటరు నీళ్లకు అట్లాంటివి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. పొట్లం దొరకనప్పుడు ఇంట్లో కలుపుకునే ఓఆర్ఎస్ అదే. కన్నీళ్లకన్నా ఉప్పగా ఉండకూడదు.

"ఇది మీ జపాను మందా సార్?"

"కాదు. సాయం చెయ్యమని మా ప్రభుత్వం నన్ను కలకత్తా పంపితే, అక్కడి కలరా వార్డులో ఒక బెంగాలీ డాక్టరమ్మ నాకు నేర్పింది. మీ దేశందే."

"మా దేశందయితే మా ఊరికి ఎందుకు రాలేదో!" అంటే నవ్వాడు.

మొదటి చెంచా బిడ్డ కక్కేసింది. పది నిమిషాలాగి మళ్లీ, ఇంకా నిదానంగా పొయ్యమన్నాడు. తల్లిపాలు కూడా ఆపొద్దన్నాడు. అంతలో వీధిలో జీపు ఆగిన చప్పుడు. జపానువాళ్లు దొరికితే సైనికులు పట్టుకుపోతున్నారని అప్పటికే అందరూ చెప్పుకుంటున్నారు. మర్నాడు పొద్దున జపానువాళ్లందరినీ వాళ్ల ఎంబసీకి చేర్చేందుకు బండి వస్తుందని కబురు కూడా వచ్చింది. మేము ఇండియా వాళ్లమంటే అంతగా పట్టించుకునేవాళ్లు కాదు.

"సార్, పైకి పోండి. కనపడినారంటే ఖలాస్. చెంచా నాకియ్యండి."

"నిమిషానికో చెంచా. విసుక్కోకూడదు."

"నేను విసుక్కునేది మనుషుల మీద సార్, పని మీద కాదు. యల్లా, పోండి."

ఆయన మెట్లెక్కాడు. జీపు కాసేపుండి వెళ్లిపోయింది. నేనూ సత్యవతీ వంతులు వేసుకుని చెంచా చెంచా పోశాం.

ఆ తర్వాత చాలా ఇళ్లలో పనిచేశాను, చాలామంది పసిబిడ్డల్ని చూశాను. ఇళ్లలో పనికి కుదిరే ఆడవాళ్లకు నేను చెప్పేదొకటే. నలుగురిని పెంచామని బిడ్డలందరి సంగతీ మనకు తెలిసినట్టు కాదు. తెలియని చోట అడగాలి, అడిగినాక చెప్పినట్టు చెయ్యాలి. పొదుపు నాకు ఇప్పటికీ ఇష్టమే. బిడ్డ తాగే నీళ్ల దగ్గర మాత్రం చెయ్యను.

ఆ రాత్రంతా చెంచాతో పోశాక, మర్నాడు తెల్లవారేసరికి లక్ష్మి నా ఒళ్లో ఉచ్చ పోసి చీరంతా తడిపింది. కాసేపటికి పాలకోసం గొంతెత్తి ఏడ్చింది, ఈసారి కన్నీళ్లతో. డాక్టరూ, ఆయన భార్య మేడమూ చెరొక పెట్టెతో దిగొచ్చారు. ఆయన గుమ్మంలో నిలబడి నా తడిచీర చూశాడు, బిడ్డను చూశాడు, సత్యవతికి తలవంచి నమస్కారం పెట్టాడు. ఎనిమిదింటికి బండి వచ్చింది. ఎక్కి వెళ్లిపోయారు.