క్లాసుకు పెట్టుకునే పళ్ళు

మా అత్తమ్మ పోయిన కబురు పాప క్లాసు జరుగుతుండగా వచ్చింది. పగటిపూట మా ఇంట్లో ఉండేది ఒకటే ఫోను. క్లాసు అందులోనే. టీచర్ ఒక ఆకు బొమ్మ పట్టుకుని ఏదో చెబుతోంది. ఆమె ముఖం మీదికి మా ఆయన పేరు వచ్చింది. సోమాజిగూడ ఆసుపత్రి నుంచి. ఎత్తాను. "అమ్మ పోయింది" అన్నాడు. వెనక ఎవరో లిఫ్టు పనిచేయడం లేదని గొడవపడుతున్నారు. ఫోను పెట్టేశాక తెర మీద టీచర్ మళ్ళీ కదిలింది. ఆకు ఆమె చేతిలోనే ఉంది.

పాప నా నోటి వంక చూసింది. చెప్పాను. చెప్పాననే అనుకుంటున్నాను. మా పాపకు చెవులు వినపడవు. చెవి మిషను పెడితే ఏదో చప్పుడు తెలుస్తుంది గానీ మాట తెలియదు. ఎదుటి మనిషి పెదవులు చూసి మాట పట్టుకుంటుంది. నేను చెప్పినప్పుడు నా పెదవులు ఎంత కదిలాయో నాకు తెలియదు. పాప కాసేపు చూసి, మళ్ళీ ఫోను వైపు తిరిగింది.

నేను చదివింది ఏడో తరగతి వరకే. ఇలా నలుగురూ చదివేది ఎప్పుడూ రాయలేదు. మాట్లాడటం కంటే రాయడమే నాకు కాస్త నయం కాబట్టి రాస్తున్నాను. ఇలాంటి పిల్లలు మీ ఇంట్లోనూ ఉండవచ్చు. మా అత్తమ్మ ఏం చేసేదో మీకు తెలిస్తే బాగుండుననిపించింది.

ఆమె ఎస్.ఆర్. నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. మధురానగర్‌లోని మా గదుల నుంచి పొద్దున్నే నడిచి వెళ్ళి, టిఫిన్ పని ముగించి, ఎండ ముదిరేలోపు వచ్చేసేది. మళ్ళీ సాయంత్రం వంటకు వెళ్ళేది. హాస్టల్లో భాష తెలియని రాష్ట్రాల పిల్లలు ఎందరో ఉండేవారు. మెట్ల కింద నిలబడి నోరంతా తెరిచి, చేతులు తిప్పుతూ, పప్పేదో పులుసేదో చెప్పి తినిపించేది. ఆ నోరే తర్వాత మా పాపకు బడి అయింది.

మా పక్కనే ఉన్న అమీర్‌పేటలో ఎటు చూసినా చదువే. గోడల నిండా కోచింగ్ బోర్డులు, కరపత్రాలు. ఎక్కడెక్కడి పిల్లలో చదువుకోవడానికి ఇక్కడికి వస్తారు. మా పాపకు మాత్రం వీధి చివరి బడిలో వెనక బెంచీ దొరికింది. మేడం బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పేది. బోర్డు వైపు తిరిగిన మనిషికి పెదవులుండవు కదా. కొన్నాళ్ళకు, ఇంట్లోనే ఉంచుకోండి, అన్నారు.

అప్పుడు ఈ ఆన్‌లైన్ బడి గురించి ఎవరో చెప్పారు. ఆ క్లాసు చూసి నేను చాలా ఆశపడ్డాను. ఉన్నది ఐదారుగురు పిల్లలు, ఒక్కొక్కరిది ఒక్కో అవసరం. ఒక పిల్లకు చూపు లేదు. టీచర్ ఏ బొమ్మ చూపించినా ముందు దాన్ని మాటల్లో చెప్పేది, రంగు, అంచులు, ఈనెలు అన్నీ. మంచం మీద నుంచి లేవలేని ఇంకో పిల్ల జవాబు తెలిస్తే కళ్ళు ఆర్పేది. ఆ పిల్ల కళ్ళు ఆర్పేదాకా క్లాసంతా ఆగేది. ఒక బాబుకు మనుషుల ముఖాలు చూడటం భయం. తెర మీద వాడి గడిలో ఎప్పుడూ తిరుగుతున్న ఫ్యానే కనపడేది. ఇటు తిరుగు నాయనా అని టీచర్ ఒక్కసారి కూడా అనలేదు, ఆ ఫ్యానుతోనే మాట్లాడేది. మా పాప కోసం పాఠం వీడియో ముందు రోజే వచ్చేది, కింద పెద్ద పెద్ద అక్షరాలతో. ఎన్నిసార్లయినా చూసుకోవచ్చు. వెనక బెంచీ అంటూ ఏదీ లేదు.

కానీ వీడియో వేరు, క్లాసు వేరు. క్లాసులో టీచర్ ప్రశ్న అడుగుతుంది, పిల్లలు నవ్వుతారు, మాట ఎటో పోతుంది. అదే సమయానికి నెట్ ఆగుతుంది. టీచర్ ముఖం గళ్ళు గళ్ళుగా విరిగిపోయేది. మాట ముందొచ్చి పెదవులు తర్వాత కదిలేవి. పాప ఫోనుకు ముఖం ఆనించి వెతుక్కునేది.

అది చూసి అత్తమ్మ ఒకరోజు ఇయర్‌ఫోన్ తన చెవిలో పెట్టుకుంది.

"గా డబ్బల ఉన్నామె నోరు సక్కగ ఆడ్తలేదు. నా నోరు ఆడ్తది. ఆమె నాకు జెప్పుతది, నేను పోరికి జెప్త. గింతదానికి ఫికరెందుకు?"

స్టూలు కిటికీకి ఎదురుగా జరుపుకుని కూర్చుంది, వెలుతురు తన ముఖం మీద పడేట్టు. పాపను తన మోకాళ్ళకు ఆనుకునేంత దగ్గరగా కూర్చోబెట్టుకుంది. టీచర్ చెప్పిన ప్రతి మాటా ఆమె నోట్లోంచి మళ్ళీ వచ్చింది. ప అన్నా బ అన్నా మ అన్నా పెదవులు ఒకేలా కలుస్తాయి. అందుకని పాప అరచేతిని తన నోటి ముందు పెట్టుకునేది, గాలి గట్టిగా కొడితే ప. పాప వేళ్ళను తన ముక్కు మీద పెట్టించేది, ముక్కు అదిరితే మ. ఇవి టీచరే నేర్పింది.

టీచర్ చెప్పనివి కూడా చెప్పేది. టీచర్ ఇంట్లో కుక్కర్ కూత వేస్తే, "పంతులమ్మ ఇంట్ల పప్పు ఉడుకుతుంది" అనేది. ఎవరింటి ముందో కూరగాయల బండి అరిస్తే ఆ రోజు కూరలేమిటో చెప్పేది. పాప నోరు మూసుకుని నవ్వేది. టీచర్ కోస్తా ఆవిడ, మెత్తటి మనిషి. "నానమ్మగారూ, కుక్కర్ సంగతి వదిలేయండి, పాఠం చెప్పండి చాలు" అని బతిమాలింది. అత్తమ్మ వినలేదు.

"అందరు పిల్లలకు ఇనపడ్డది గద మేడం? మరి దీనికొక్కదానికి ఎందుకు దాచాలె?"

ఆ మాట నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. మా పాప దగ్గర ఏదీ దాచకుండా మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే.

పాప పేరు కీర్తన. పాపకు వినపడదని తెలియకముందు ముచ్చటపడి నేనే పెట్టుకున్నాను. అత్తమ్మ ఆ పేరుతో పిలవడం మానేసింది. "కీర్తన అంటే నోట్ల ఏం కనపడ్తది? బుజ్జమ్మ అంటే సూడు, రెండుసార్లు పెదవులు కలుస్తయి. దూరంకెంచి సుత తెలుస్తది." నిజంగానే వీధి ఆ చివర నుంచి ఆమె బుజ్జమ్మా అంటే, చప్పుడు అందకపోయినా పాప పరిగెత్తేది.

ఇక పళ్ళ సంగతి. అత్తమ్మకు పళ్ళన్నీ ఎప్పుడో పోయాయి. చిగుళ్ళతోనే జొన్నరొట్టె తినేది. పళ్ళు కట్టించుకోమంటే, "నాకు మళ్ళ పెండ్లి జేస్తరా ఏంది?" అని మా ఆయనను ఏడిపించేది. క్లాసులు మొదలైన కొన్నాళ్ళకు టీచరే మొహమాటపడుతూ చెప్పింది.

"ఏమీ అనుకోకండి నానమ్మగారూ, మీ పెదవులు లోపలికి పోతున్నాయండి. పాప కొన్ని మాటలు తప్పు పడుతోంది."

మర్నాడే పంజాగుట్టలో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. పళ్ళసెట్టు వచ్చాక చిగుళ్ళు ఒరుసుకుని పుళ్ళు పడ్డాయి. తినేటప్పుడు తీసేసేది, హాస్టల్‌కు పెట్టుకుపోయేది కాదు. క్లాసుకే పెట్టుకునేది. మిగతా వేళల్లో అవి వంటింటి గూట్లో స్టీలు గ్లాసు నీళ్ళలో ఉండేవి. ఎవరైనా పళ్ళు బాగున్నాయంటే, "ఇవి నాయి గావు, బుజ్జమ్మయి. క్లాసు పండ్లు" అనేది. పాపతోనూ అదే చెప్పింది, పళ్ళు చూపించి, పాప గుండె మీద వేలు పెట్టి. క్లాసు వేళకు ఫోను తెర వెలగగానే గ్లాసు తెచ్చి ఇవ్వడం పాప పని. నీళ్ళు మార్చడమూ పాపే.

నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. నవ్వితే చెయ్యి, మాట్లాడితే కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం నా చిన్నప్పటి అలవాటు. అత్తమ్మ ఊరుకునేది కాదు.

"ఏమే, నోట్ల ముత్యాలు దాసుకున్నవా? తెరిస్తే రాల్తయా? జర తెరువవే, నీ బిడ్డ సూస్తది."

ఒకరోజు తన స్టూలు మీద నన్ను కూర్చోబెట్టింది. నేను రెండు మాటలు చెప్పాను. పాప అర్థంకాక నా కొంగు పట్టుకుని లాగింది. అత్తమ్మ పడీ పడీ నవ్వి, "లే, నా కుర్సీ నాకియ్యి" అని మళ్ళీ తానే కూర్చుంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అత్తమ్మ జబ్బు జ్వరంతో మొదలై ఆయాసంలోకి దిగింది. అంబులెన్సు ఎక్కించిన రోజు పళ్ళు గూట్లోనే ఉండిపోయాయి. ఆసుపత్రి నుంచి మా ఆయన ఒకసారి వీడియో కాల్ చేశాడు. ముక్కూ నోరూ కప్పేసి మాస్కు. పాప తన నోటి మీద చెయ్యి పెట్టి లాగిపారేసినట్టు చూపించింది, తీసెయ్యమని. అత్తమ్మ చెయ్యి లేపింది. నర్సు పట్టుకుని ఆపింది. అప్పుడు ఆమె చూపుడువేలు గాల్లో గుండ్రంగా తిప్పింది. నాకు అర్థం కాలేదు. పాపకు అర్థమైంది. ఫ్యాను పిల్లవాడు క్లాసుకు వచ్చాడా అని. వచ్చాడని తల ఊపింది.

ఆమెను ఇంటికి తెచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. దవడ జారకుండా తలమీదుగా తెల్లగుడ్డ కట్టారు. పళ్ళు లేని పెదవులు లోపలికి పోయి ఉన్నాయి. ఏడుపుల మధ్య పాప ఎప్పుడు లోపలికి వెళ్ళిందో నేను చూడలేదు. స్టీలు గ్లాసు రెండు చేతులా పట్టుకుని, నీళ్ళు ఒలకకుండా నడుచుకుంటూ వచ్చి, నానమ్మ తల దగ్గర కూర్చుంది. కట్టిన గుడ్డ విప్పబోయింది.

మా ఆడబిడ్డ చెయ్యి పట్టి లాగింది. "నీకేమన్న పిచ్చా పోరి? పోయినోళ్ళ నోట్ల ఇంత బంగారం పెడ్తరు గని ప్లాస్టిక్ పెడ్తరా?" తర్వాత నా వైపు తిరిగి, "గవి ఎందుకుంచిన్రు ఇంట్ల? మూటల వెట్టి పారేయుండ్రి" అంది.

పాప గ్లాసు వదల్లేదు. "అక్కా, దాని జోలికి పోకు" అని మాత్రం అన్నాడు మా ఆయన. పాపను గ్లాసుతో సహా ఎత్తుకుపోయి లోపల దించాడు. తర్వాత అందరూ కలిసి ఆమెను పంజాగుట్ట శ్మశానానికి తీసుకుపోయారు.

దినాలయ్యాక క్లాసు మళ్ళీ మొదలుపెట్టాం. టీచర్ చాలా ప్రయత్నించింది, ఆమెను ఏమీ అనలేను. మాట పలికితే తెర కింద అక్షరాలు వాటంతటవే వచ్చే ఏర్పాటు పెట్టింది. ఒకటి చెబితే మరొకటి పడుతుంది, చదివేలోపు పోతుంది. ప్రతి ప్రశ్నా రాసి చూపించింది. అలా రాస్తుంటే చూపులేని పిల్ల ఖాళీగా కూర్చోవాల్సి వచ్చింది. నిదానంగా చెబితే ఫ్యాను బాబు విసుగొచ్చి వెళ్ళిపోయేవాడు. మా ఆయన ఫ్లెక్సీలు వేసే షాపులో పనిచేస్తాడు, క్లాసు వేళకు ఇంట్లో ఉండడు. ఆదివారం పాఠం వీడియో పెట్టుకుని చెప్పబోతే మీసం కింద పెదవి కనపడదు. తీసేశాడు. అయినా పాప పట్టుకోలేకపోయింది. ఎదుటి మనిషి పెదవులు చదవడం మా పాపకు వచ్చనుకున్నాం. వచ్చింది ఒక్క మనిషి నోరు చదవడమే.

"మీరు కూర్చోండమ్మా, సిగ్గేంటి, ఉన్నది నేనూ పిల్లలే కదా" అంది టీచర్.

కూర్చున్నాను. ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను. వెలుతురు నా ముఖం మీద పడుతుంటే అందరి ముందూ నిలబెట్టినట్టు ఉంటుంది. పెదవులు సాగదీసి చెబుతాను. పాప ఒక వాక్యం వరకూ చూస్తుంది. తర్వాత చూపు ఫోను మీదికి, అక్కడి నుంచి తన గోళ్ళ మీదికి పోతుంది. రోజూ ఇంట్లో పనంతా అయ్యాక అద్దం ముందు కూర్చుని బుజ్జమ్మ, బుజ్జమ్మ అనుకుంటాను. అద్దంలో మనిషి ఏం చెబుతోందో నాకే తెలియదు.

పాప అంతకుముందు కొన్ని మాటలు గొంతుతో పైకి అనేది. ఇప్పుడు అనడం లేదు.

పోయిన వారం టీచర్ ఫోన్ చేసింది. పాపను చిన్నపిల్లల గ్రూపులోకి మారుస్తామంది. "అక్కడ బొమ్మలే ఎక్కువుంటాయండి. మాటలు తక్కువ. తనకి ఇబ్బంది ఉండదు" అంది. నేను సరేనండి అన్నాను. మాటలు తక్కువైన చోట మా పాప ఎన్ని ఏళ్ళుంటుందో, అక్కడి నుంచి మళ్ళీ ఎవరు పైకి తెస్తారో అడగాలనుకున్నాను. అడగలేదు.

నిన్న పెద్ద గ్రూపులో పాపకు చివరి క్లాసు. ఎందుకు పెట్టడం అనుకుంటూనే వేళకు ఫోను గోడకు ఆనించాను. తెర వెలిగింది. పాప స్టూలును కిటికీకి ఎదురుగా లాగి, నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. వంటింట్లోకి వెళ్ళింది. నీళ్ళు పారబోసిన చప్పుడు, మళ్ళీ పట్టిన చప్పుడు వినిపించాయి.

గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టింది. నా నోటికి అడ్డంగా ఉన్న కొంగును పక్కకు జరిపింది. నా మోకాళ్ళకు ఆనుకుని కూర్చుని, తల పైకెత్తి, నా నోటి వంక చూసింది. ఫోనులో టీచర్ పిల్లలందరికీ ఒక్కొక్కరికీ గుడ్ మార్నింగ్ చెబుతోంది. గ్లాసులో నీళ్ళు ఇంకా కదులుతున్నాయి.