డాష్‌బోర్డు మీది పట్టిక

ఆ అడవి ప్రయాణానికి నేను పదకొండు రోజుల ముందు నుంచే సిద్ధమయ్యాను. కారు తాళంచెవి నా దగ్గర ఉండాలా, మా తమ్ముడి చేతికి పోవాలా అన్నది ఆ ఒక్క రోజుతో తేలవలసి ఉంది.

అంతకు ముందు ఒక సాయంత్రం ఖమ్మంలోని మా ఇంటి గేటు స్తంభానికి కారు ఎడమ పక్క రాసుకుంది. స్తంభం మీది సున్నం కొంత రాలింది. తలుపు మీద జానెడు పొడవున తెల్లటి చార పడింది. కళాశాలలో రసాయనశాస్త్రం బోధించే మా అమ్మాయి ఆ చారను వేలితో నిమిరి, నా వైపు చూడకుండానే అంది.

"నాన్నా, డెబ్బై రెండు నిండినయ్. ఇగ చాలు."

"గేటు ఇరుకుగా ఉంది" అన్నాను.

"పన్నెండేండ్ల నుంచి ఇరుకే గదా. ఇన్ని రోజులు తగల్లే."

మర్నాడు ఆమె బాబాయిని, అంటే మా తమ్ముడిని, మధ్యవర్తిగా పిలిచింది. అతడు కొత్తగూడెం వైపు బొగ్గు గనుల్లో ఇల్లంత ఎత్తున్న లారీలు నడిపినవాడు. ఉద్యోగం చివరి పదేళ్లు కొత్త డ్రైవర్లకు పరీక్షలు పెట్టినవాడు. చారను చూశాడు, స్తంభాన్ని చూశాడు, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఊర్లో రెండు చక్కర్లు కొట్టిస్తే ఏం తెలుస్తది? ఒక దినమంత నడపనీ. అడవిల సఫారీ పార్కు ఉన్నది గదా, సొంత బండి రానిస్తున్నరు. పొద్దుగాల పోయి పొద్దూకకముందు వద్దాం. నేను పక్కన కూసుంట. ఒక్క తప్పు జరిగినా తాళం నాకియ్యాలె. జరగకపోతే ఇంకో ఏడాది దాకా ఎవ్వలూ నోరెత్తొద్దు. ఏమంటవన్నా?"

వంటింటి గుమ్మంలో నిలబడిన నా భార్య నవ్వింది. ఆమెది మధిర దగ్గరి ఊరు. ఇన్నేళ్లయినా మా యాస ఆమెకు అంటుకోలేదు. "ముప్పయ్యేళ్లు ఊరందరి పిల్లలకీ పరీక్షలు పెట్టారు. మీకొకటి పెట్టేవాళ్లు ఇప్పటికి దొరికారు" అంది.

నేను ఒప్పుకున్నాను. తాళంచెవి పోతే ఏమవుతుందో నాకు తెలుసు. మా వీధిలో ఒక విశ్రాంత తహసీల్దారు ఉన్నారు. ప్రతి ఆదివారం తొమ్మిదింటికల్లా స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లు తొడుక్కుని వరండాలో కూర్చుంటారు. కొడుకు ఎప్పుడు తీరిక చేసుకుంటే అప్పుడు గ్రంథాలయానికి ప్రయాణం. ఒకనాడు ఒంటిగంటకు ఆయన ఆ బూట్లు విప్పుకుంటుండగా చూశాను. ఆ దృశ్యం నన్ను వదలలేదు.

బడిలో సమయపట్టిక వేసినట్టే ప్రయాణానికీ ఒక పట్టిక వేశాను. బయలుదేరడం ఐదున్నరకు. కొత్తగూడెం ఏడున్నరకు, అక్కడ చాయ్‌కి పదిహేను నిమిషాలు. పార్కు గేటు తొమ్మిదికి. లోపల ఒంటిగంట వరకు. ఆపైన భోజనం. రెండున్నరకు తిరుగు ప్రయాణం. పార్కు కార్యాలయానికి ఫోను చేసి నియమాలు అడిగి, వాటిని ఎర్ర సిరాతో కింద రాశాను. అద్దాలు దించరాదు. హారన్ కొట్టరాదు. దిగరాదు. వేగం ఇరవై దాటరాదు. చక్రాలలో గాలి, అదనపు చక్రం, బండి కాగితాలు, తాగునీరు అన్నీ చూసుకుని ఒక్కొక్కదాని పక్కన టిక్కు పెట్టాను. కళ్లు మళ్లీ పరీక్ష చేయించుకున్నాను. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించకుండా నా భార్య బండిని కదలనివ్వదు కనుక, దానికి రెండు నిమిషాలు కేటాయించాను.

బయలుదేరే ఉదయం ఆమె నిమ్మకాయలు పట్టుకుని వచ్చి పట్టిక చూసింది. "ఇది కూడా రాశారా!" అని చెంపలు వాయించుకుంది.

మా తమ్ముడికి నవ్వు రాలేదు. నేను ఆ కాగితాన్ని స్టీరింగు పక్కన, డాష్‌బోర్డు మీద టేపుతో అంటించడం అతడు చూస్తున్నాడు.

"గిదేందన్నా, గీడ అంటించినవ్?"

"సమయం తెలియాలి కదా."

"బండి నడిపేటోడు రోడ్డు సూడాలె గని కాయితం సూస్తడా?"

"పట్టిక లేని బడి సంత" అన్నాను. అతడు సీటు బెల్టు పెట్టుకుని ముందుకు చూశాడు.

కొత్తగూడెం వరకు అంతా సవ్యంగా సాగింది. మూలమలుపుల దగ్గర వేగం తగ్గించాను. బొగ్గు లారీలను తొందరపడి దాటలేదు. తమ్ముడి కుడికాలు మాత్రం అప్పుడప్పుడు లేని బ్రేకును తొక్కేది. దాన్ని గమనించనట్టు నటించడానికే నాకు సగం శక్తి ఖర్చయింది. కొత్తగూడెంలో చాయ్ హోటలువాడు పాలు అప్పుడే పొయ్యి మీద పెట్టాడు. పదిహేను నిమిషాలు ఇరవై ఏడయ్యాయి. ఆ పన్నెండు నిమిషాలు నా మెడ మీద కూర్చున్నాయి.

పెద్ద రోడ్డు వదిలి అడవి దారిలోకి మళ్లాక ఇప్పపూల వాసన మొదలైంది. ఎండలు ముదురుతున్న రోజులు. తెల్లవారుజామున రాలిన పూలను ఏరుకొచ్చి, అక్కడి గిరిజన గూడేల వాళ్లు తారురోడ్డు అంచునే ఆరబోస్తారు. బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. అది అందరికీ తెలిసిన సంగతే. ఆ ప్రాంతాల బళ్లలో పంతులుగా పనిచేసిన నాకు మరీ బాగా తెలుసు.

"నాన్నా, కుడిపక్క చూడు, కొండముచ్చులు!" అంది వెనక నుంచి మా అమ్మాయి. నేను చూడలేదు. డ్రైవరు చూడరాదు. మా తమ్ముడు వెనక్కి తిరిగి నా భార్య అందిస్తున్న చెగోడీల డబ్బాను అందుకుంటున్నాడు. గడియారం ఎనిమిది యాభై నాలుగు చూపిస్తోంది. ఇంకా ఏడు కిలోమీటర్లు ఉంది. పోయిన నిమిషాలను భోజన సమయంలో తగ్గించవచ్చునా అని నేను పట్టిక వైపు చూశాను. ఆ తీసివేతకు ఎంతసేపు పట్టిందో చెప్పలేను.

తల ఎత్తేసరికి మలుపు. ఎడమ అంచున వరసగా రాళ్లు, వాటి పక్కన ఒక గంప, ఆ గంప మీద ఒక చెయ్యి. ఆకుపచ్చ గాజులు. స్టీరింగు కుడికి తిప్పాను. కింద టక్కుమని చప్పుడైంది.

అద్దంలో చూశాను. గంప పక్కకు పడి ఉంది. ఒక స్త్రీ లేచి నిలబడింది. అరవలేదు. చెయ్యి పైకెత్తి మా బండి వైపు చూస్తోంది. అంతలో మలుపు ఆమెను మరుగుపరిచింది.

"ఏందన్నా చప్పుడు?" అన్నాడు తమ్ముడు ముందుకు తిరిగి.

"రాయి" అన్నాను.

బండి ఆపలేదు. ఆపితే తప్పు బయటపడుతుంది, తప్పు బయటపడితే తాళంచెవి పోతుంది. ఈ లెక్క నా బుర్రలో పూర్తికాక ముందే నోటి నుంచి ఆ మాట వచ్చేసింది. ఉద్యోగ జీవితంలో తప్పు చేసి తలవంచుకున్న పిల్లలను ఎంతోమందిని క్షమించాను. దాచినవాళ్లను మాత్రం ఎన్నడూ క్షమించలేదు.

తొమ్మిదీ మూడుకు పార్కు గేటు చేరాం. కాపలా అతను బండి చుట్టూ తిరిగి, ఎడమ ముందు చక్రం దగ్గర వంగాడు.

"సార్, టైరుకు ఇప్పపువ్వు అంటుకున్నది. ఎండేసినదాని మీద ఎక్కిచ్చిన్రా?"

తమ్ముడు నన్ను చూశాడు, చక్రాన్ని చూశాడు. "రోడ్డు మీద రాలింది అంటినట్టుంది" అన్నాడు నెమ్మదిగా.

"గీకేస్త ఉండున్రి. ఎలుగుబంట్లకు ఈ పువ్వంటే పాణం. లోపల మీ బండి ఎంబడి పడితే మల్ల మమ్మల్ని అంటరు." అతను పుల్లతో పూలను గీకి పారేశాడు. పచ్చిగా నలిగిన ఆ తీపి వాసన అద్దాలు ఎత్తుకున్నాక కూడా లోపలే ఉండిపోయింది.

పార్కులో నేను నడిపినంత క్రమశిక్షణగా ఎవరూ నడిపి ఉండరు. వేగం ఇరవై దాటలేదు. చుక్కల దుప్పులు కనిపించాయి, నెమళ్లు కనిపించాయి, నా భార్య చిన్నపిల్లలా అద్దానికి ముఖం ఆనించింది. నాకు మాత్రం ప్రతి పొద దగ్గరా గాజుల చెయ్యే కనిపించింది. చక్రం గంపకే తగిలిందా, చేతికి కూడా తగిలిందా? ఆమె చెయ్యి ఎత్తింది తిట్టడానికా, రక్తం చూపించడానికా? అద్దంలో ఎంత చూశానో అంతే మళ్లీ మళ్లీ చూస్తున్నాను. కొత్తది ఏమీ తెలియడం లేదు.

ఒకచోట అడవిదున్న దారికి అడ్డంగా నిలబడింది. ఇంజను ఆపాను. దాని మూపు మా బండి పైకప్పు ఎత్తున ఉంది. లోపల ఉక్క. అమ్మాయి నా భుజం పట్టుకుని, "నాన్నా, వెనక్కి తియ్యి" అని గుసగుసలాడింది. నేను తియ్యలేదు. నియమం ప్రకారం కదలకూడదు. ఎంతసేపటికో అది తల విదిలించి వెదురులోకి దిగిపోయింది. అమ్మాయి ఊపిరి వదిలి, "నేనైతే భయంతోటి హారన్ కొట్టేదాన్ని. బాబాయ్, నాన్న పాసయినట్టే" అంది. నన్ను మెచ్చుకోవడం ఆమెకు అరుదు. నేను అద్దంలో ఆమె ముఖం చూడకుండా ఇంజను స్టార్టు చేశాను.

తమ్ముడు, "ఖమ్మం చేరనీ" అన్నాడు. అంతే.

భోజనాలయ్యాయి. పట్టిక ప్రకారం రెండున్నరకే బయలుదేరాం. మలుపు దగ్గరపడుతున్నకొద్దీ వేగం తగ్గిస్తూ వచ్చాను. అక్కడ ఆగకుండా పోతే ఇంకో ఏడాది తాళంచెవి నాదే. మలుపు తిరిగాను. ఇండికేటరు వేసి, ఖాళీ జాగా చూసి, బండి ఆపాను.

"ఇదేంది నాన్నా? ఇది పట్టికల లేదు గదా?" అంది అమ్మాయి.

"లేదు" అని దిగాను.

ఆమె అక్కడే ఉంది. సుమారు నా భార్య వయసు. ఆరిన పూలను చీపురుతో దగ్గరికి ఊడుస్తోంది. పక్కన గంప, ఒకవైపు అంచు నలిగి, తాడుతో కట్టి ఉంది. నా కళ్లు ముందుగా ఆమె చేతులను వెతికాయి. రెండూ చీపురు మీదే ఉన్నాయి.

"అమ్మా, పొద్దున మీ గంప మీదికి బండి ఎక్కించింది నేనే" అన్నాను.

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "నువ్వా? ఎవ్వడో పోరడు ఫోను సూస్కుంట పోయిండనుకున్న. గింత పెద్దమనిషివి, గట్ల పోతవా? ఏం సూస్తున్నవ్?"

"కాగితం."

"ఏం కాయితం?"

"ఏ సమయానికి ఎక్కడ ఉండాలో రాసుకున్న కాగితం."

ఆమె గుడిసె వైపు తిరిగి వాళ్ల భాషలో ఏదో అంది. లోపలి నుంచి ఇంకొక ఆడమనిషి నవ్వు వినిపించింది. "ఏడ ఉండాలో రాసుకుని, ఏడున్నవో సూసుకోలే" అంది నాతో. తరువాత ఎడమచెయ్యి చాపి చూపించింది. మణికట్టు దగ్గర ఒక సన్నని గీత, గాజు పగిలి గీరుకున్నది. "తీసేసుకున్న గాబట్టి సరిపాయె. పువ్వు రేపు పొద్దుగాల మల్ల రాలుతది. చెయ్యి పోతే మల్ల మొలుస్తదా?"

"మొలవదు" అన్నాను. బడిలో నా ముందు నిలబడిన పిల్లలు ఇచ్చే జవాబులాగే ఉంది నాది. వెనక కారు తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. తమ్ముడు వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"కొత్త గంప తెచ్చి ఇస్తాను" అన్నాను ఆమెతో.

"తెస్తే తే. గని బండి నువ్వు నడుపుకుంట రాకు."

తిరిగి కారు దగ్గరికి నడుస్తుండగా తాళంచెవి తీసి తమ్ముడి ముందు పెట్టాను. అతడు వెంటనే అందుకోలేదు.

"రాయి అన్నవ్ గదన్నా."

"అవును, అన్నాను."

"టైరు సూసినప్పుడే అనుమానమొచ్చింది. అడుగుదామంటే నోరు రాలే. పెద్దోనివి." తాళంచెవి తీసుకుని, దాన్ని జేబులో వేసుకోకుండా చేతిలోనే పట్టుకుని నడిచాడు.

నేను ఎడమవైపు సీటులో కూర్చున్నాను. సీటు బెల్టు కోసం నా చెయ్యి కుడి భుజం మీదికి వెళ్లి, అక్కడ ఏమీ దొరకక ఆగింది. వెనక నుంచి అమ్మాయి వంగి, ఎడమవైపున ఉన్న బెల్టును లాగి నా చేతికిచ్చింది. తమ్ముడు బండి కదిలించాడు. పట్టికను నేనే పీకి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. టేపు అంటిన చోట రెండు జిగట మరకలు మిగిలాయి.

మరుసటి వారం వెదురు గంప కొని బస్సులో కొత్తగూడెం వెళ్లాను. తమ్ముడు తీసుకువెళ్తానన్నాడు, వద్దన్నాను. అడవి దారి వైపు వెళ్లే ఆటోలో అప్పటికి ఇద్దరే ఉన్నారు. నిండేదాకా కదలదన్నాడు డ్రైవరు. ఎంతసేపు పడుతుందని అడగబోయి, ఆగి, గంపను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.