నిండుగా, నిండుకుంది

ఆస్ట్రేలియాలో టూవూంబా కొండ కింద అద్దె ఇంట్లో ఉన్న రోజుల్లో మా పాత కారుకు కార్బ్యురేటర్ తీసేసి, నేను సొంతంగా తయారుచేసిన ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ బిగించాను. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు పాత కార్లు విడదీసే యార్డులో ఏరి తెచ్చినవి. వాటిని తెరిచి మూసే సర్క్యూట్‌ను వంటింటి బల్ల మీద కూర్చుని టంకం పెట్టాను. ఆ పెట్టెకు ఒక నాబ్ ఉండేది. కుడికి తిప్పితే ఇంజనుకు పెట్రోలు పెరుగుతుంది, ఎడమకు తిప్పితే తగ్గుతుంది.

సోమవారం పొద్దున్నే నా భార్య కొండ మీది ఆసుపత్రిలో నర్సుగా చేరాలి. ఆ వేళకు పైకి బస్సు లేదు. ఉన్నది ఆ ఒక్క కారు. చదునైన రోడ్డు మీద బాగానే నడిచేది గాని, ఎక్కుడులో ఎంత పెట్రోలు కావాలో ఆదివారంలోగా తేల్చాలి. తక్కువైతే వేడికి పిస్టన్ కరుగుతుంది.

ఊళ్లో ఒక వర్క్‌షాపులో డైనమోమీటర్ ఉంది. బండిని కదలకుండా కట్టి, చక్రాలను రోలర్ల మీద తిప్పుతూ ఇంజనుకు బరువు పెట్టే యంత్రం అది. దాని యజమాని మంచివాడు.

"తీసుకురా మేట్. అరగంట పని. నువ్వేమీ ఇవ్వక్కర్లేదు" అన్నాడు.

ఆ చివరి మాటతో నేను వెళ్లదలచుకోలేదు. మా తాతగారి హయాంలో మా వాకిట్లో ఉచితంగా పుచ్చుకున్నవారే గాని, మాకు ఇచ్చినవారు లేరు. నేను పుట్టేనాటికి జమీందారీ ఎస్టేటు పోయింది. ఆ అలవాటు మాత్రం పోలేదు.

"థాంక్యూ. మాకు కొండ ఉంది" అన్నాను.

"కొండ రోలర్లలాగా ఆగమంటే ఆగదు" అని నవ్వాడు.

ఎక్కుడే మాకు బరువు. ఎగ్జాస్టు గొట్టంలో సెన్సర్ పెట్టి, దాని తీగను ఒక మీటరుకు కలిపాను. ముల్లు పైన ఉంటే పెట్రోలు ఎక్కువ, కింద ఉంటే తక్కువ. లారీల మధ్య నేను మీటరు చూడలేను కనుక అది నా భార్య ఒళ్లో ఉంది. ఇక్కడివాళ్లు పెట్రోలు ఎక్కువైతే రిచ్ అంటారు. నాకెందుకో ఆ మాట నచ్చలేదు.

"పైన ఉంటే 'నిండుగా' అను. మధ్యలో ఉంటే 'సరి' అను" అని చెప్పాను. కింద ఉంటే ఏమనాలో చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం బయలుదేరాం. రెండో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాను.

"నిండుగా."

నాబ్ కొంచెం ఎడమకు తిప్పాను.

"నిండుగానే ఉందండీ."

మరికొంచెం తిప్పాను. ఒక మలుపు దాటాం.

"నిండుకుందండీ."

ఇంకా ఎక్కువగానే ఉందనుకుని మళ్లీ ఎడమకే తిప్పాను. డబ్బాలో గోలీలు వేసి ఊపినట్టు ఇంజను లోపల చప్పుడు మొదలైంది. కారు ఒక్క కుదుపు కుదిపి బలం కోల్పోయింది. పక్కకు తీసి ఆపేశాను.

"నిండుకుందన్నాను కదా, మళ్లీ తగ్గిస్తారేంటి?"

"నిండుగా ఉందంటే తగ్గించనా మరి?"

"నిండుగా కాదు, నిండుకుంది. ముల్లు అడుక్కి పోయింది."

"లేదని చెప్పచ్చుగా?"

"రేపు కొత్త డ్యూటీకి వెళ్లే దారండీ ఇది. ఈ దారిలో నోటితో లేదు అంటానా? మీ ఇంట్లో ఎవరూ వినలేదా ఆ మాట?"

వినకేం. బియ్యం డబ్బా అడుగు కనబడితే మా అమ్మ నిండుకున్నాయనే అనేది. తాతగారు తలపంకించి, భోజనానికి ఇంకో ఇద్దరిని పిలిచేవారు. అర్థం తెలిసి కూడా, ఆ మాటను నిండుగానే వినడం మా ఇంటి పద్ధతి.

ఇంజను చల్లారేదాకా ఆగాం. తరువాత స్పార్కు ప్లగ్గులు ఒక్కొక్కటే విప్పాను. పిస్టన్ కరిగితే వాటి మీద వెండి చుక్కలు పడతాయి. నాలుగూ సున్నంలా తెల్లబడ్డాయి గాని చుక్కలు లేవు.

"ఉందా, పోయిందా?" అని అడిగింది.

"ఉంది."

"అయితే ఈసారి పైకి, కిందికి అంటాను. మీ నిండుతనం ఇంట్లో పెట్టుకోండి."

నాబ్ కుడికి తిప్పి, కిందికి దిగి, మళ్లీ ఎక్కాం. "పైకి" అన్నది రెండుసార్లు, "సరి" అన్నది ఒకసారి. ఆ "సరి" దగ్గర నాబ్ ఆపకుండా, భద్రం కోసం కుడికి ఒక వెంట్రుకవాసి తిప్పి, కదలకుండా లక్క వేశాను.

సోమవారం ఆమె ఒక్కతే నడుపుకుంటూ వెళ్లింది. సాయంత్రం తిరిగి వచ్చి తాళాలు నా ముందు పెట్టింది.

"కొండ సుఖంగా ఎక్కిందండీ. పెట్రోలు నిండుకుంది."

"ఏ నిండుకోవడం?"

"మీ ఇంటి నిండుకోవడం."

డబ్బా తీసుకుని పెట్రోలు బంకుకు నడిచాను.