బిగిసిన మెట్టెలు

గోదావరి పొంగి లక్సెట్టిపేట రేవులో పడవలు ఆపేశారు. పురిటికి పుట్టింటికి పోతున్న ఒక గర్భిణి, తన అత్తతో వచ్చి నా పక్కన కూర్చుంది. పాదాలు వాచి మెట్టెలు కండలో దిగబడ్డాయి.

"తల నొస్తున్నదా?" అని అడిగాను.

"పొద్దుగాల్నుంచి పగులుతున్నదక్కా."

అత్త మురిసిపోయింది. "కాళ్లకు నీరొచ్చింది బిడ్డా, కొడుకే పుడుతడు."

నేనప్పుడు నర్సు పని నేర్చుకుంటున్నాను. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో ఊరే హార్మోన్లు రక్తనాళాలను సడలించి రక్తపోటు పెరగకుండా చూస్తాయనీ, కొందరిలో ఆ కట్టడి తప్పితే వాపు, తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు వచ్చి ప్రాణం మీదికి వస్తుందనీ చదివాను. చదివి ఏం లాభం? దవాఖాన అవతలి ఒడ్డున ఉంది.

"మెట్టెలన్నా తీద్దాం," అని వంగాను.

ఆమె చప్పున కాలు వెనక్కి లాక్కుంది. "వద్దక్కా! మెట్టెలు తీస్తే ఆయనకు కీడు. బొగ్గుబాయిల దిగెటోడు."

కాసేపటికి మబ్బు పట్టిన ఆకాశం వైపు చూస్తూ అడిగింది. "అక్కా, పట్టపగలు గన్ని చుక్కలేంది?"

ఆమె చెయ్యి పట్టుకున్నాను.

వరద తగ్గాక మొదటి పడవలోకి ఆమెను మోసుకెళ్లారు. నాకు చోటు దొరకలేదు. తర్వాత ఏమైందో తెలియదు.

ఇప్పటికీ బండల మీద ఎవరి మెట్టెలైనా వదులుగా మోగితే, ఆగి వింటాను.