తెల్లగుడ్డ కట్టిన చోట

సాబిరా భర్త చనిపోయిన రోజున ఆ కిర్గిజ్ కొండ ఊళ్లో ఎవరూ ఏడవలేదు. ఆమెనూ ఏడవనివ్వలేదు. రష్యాకు పనికి పోయిన మొగుడి మీద శోకాలు తీస్తే అతనికి కీడు తగులుతుందని నోరు నొక్కేశారు. పాతికేళ్లకు దగ్గర పడుతోంది. అప్పట్నుంచి ఆమె మొగుడు వదిలేసిన ఆడది. పెళ్లిళ్లలో ఆమెకు తలుపు పక్కన చోటిచ్చారు. ఆమె అక్కడే కూర్చుని, పెట్టింది తిని వచ్చింది.

ఎర్గెష్ రష్యాకు పోలేదు. గుహలోకి పోయాడు.

కొండ కింది ఆ గుహకు మెట్లు చెక్కి, దీపాలు పెట్టి, టికెట్టు కొన్నవాళ్లకు చూపించాలని పట్నం నుంచి ఒక కంపెనీ వచ్చింది. ఊరి మగవాళ్లలో రష్యా బస్సు ఎక్కనివాళ్లంతా అందులో పనికి కుదిరారు. లోపల మందు పెట్టి రాయి పేల్చడానికి అనుమతి లేదు. అయినా పేల్చారు. ఒక మధ్యాహ్నం అందరూ తిండికి బయటికొచ్చారు, పక్క సొరంగంలో ఎర్గెష్ ఒక్కడూ మిగిలాడు. కొండ ఒకసారి గొంతు సవరించుకున్నట్టు కదిలిందని ఆ రోజు చెట్ల కింద టీ తాగుతున్నవాళ్లు చెప్పారు, అదీ తర్వాతెప్పుడో, గుసగుసగా. సాయంత్రానికి కూలిన ఆ సొరంగం మూతికి రాళ్లు పేర్చారు. మర్నాడు దాని ముందు ఇనుప చట్రం బిగించారు. చావు బయటపడితే గుహ మూతపడుతుంది, అందరి పనీ పోతుంది. అందుకని మేస్త్రీ సాబిరా ఇంటికొచ్చి, ఎర్గెష్ కూలి తీసుకుని రష్యా బస్సెక్కాడని చెప్పి, టీ తాగి వెళ్లాడు. ఊరు నమ్మింది. సగం ఊరు రష్యాలోనే ఉన్న రోజులవి.

సాబిరా నమ్మలేదు. లోపల ఇనుప టోపీ పెట్టుకోవాలి కాబట్టి ఎర్గెష్ తన తెల్ల ఉన్ని టోపీని గుహ మూతి దగ్గర దేవదారు కొమ్మకు తగిలించి పోయేవాడు. ఆ సాయంత్రం టోపీ కొమ్మకే ఉంది. కిర్గిజ్ మగవాడు పెళ్లాన్ని మర్చిపోయి బస్సెక్కుతాడేమో గాని టోపీ మర్చిపోయి ఎక్కడని ఆమె గ్రామ కార్యాలయంలో చెప్పింది. అక్కడున్నవాళ్లు నవ్వారు. టోపీ సాక్ష్యం కాదన్నారు.

అంతకన్నా ఆమెను కట్టేసింది అత్త. కొడుకు రష్యాలో ఉన్నాడనే మాటను ఆ ముసలామె ఊతకర్రలా పట్టుకుంది. గురువారం సాయంత్రాలు ఆ ఊళ్లో ప్రతి ఇంట్లో మూకుట్లో నూనె కాగబెట్టి పిండి ముద్దలు వేయిస్తారు, ఆ వాసన చనిపోయినవాళ్లకు అందుతుందని. సాబిరా ఒకే ఒక్కసారి భర్త పేరు తలుచుకుని నూనె పెట్టింది. వాసన పట్టిన అత్త మంచం మీంచి లేచొచ్చి మూకుడు బోర్లించింది. "నా కొడుకు బతికుండగానే వాడికి నూనె కాగబెడతావా?" అంది. తర్వాత సాబిరా మళ్లీ ఆ పని చెయ్యలేదు. గురువారాలు పొద్దువాలే వేళకు వీధిలోకి వచ్చి, గాలి వచ్చే వైపు నిలబడేది. పక్కిళ్ల నూనె వాసన మొహానికి తగులుతుంటే, ఆ వాసనలో కాస్త తన మనిషికీ పంపమని పెదాలతో అనుకునేది.

వాసన అతనికి చేరలేదని ఆమెకు తెలుసు. పిండి పిసుకుతూ చెయ్యి ఆపితే చాలు, నేల కింద ఎవరో ఉలితో రాయి కొట్టుకుంటున్న చప్పుడు. మళ్లీ పిసికితే పోయేది. ఆ ఇంట్లో రొట్టెల పిండి ఎప్పుడూ అవసరానికి మించి మెత్తగా ఉండేది.

గుహ తెరవడానికి ముందు, లోపలి రాళ్ల పొడి ఊడవడానికి ఆడకూలీలను పిలిచారు. వాళ్లతో కలిసి సాబిరా ఒక్కసారి లోపలికి వెళ్లింది. తలకు కట్టుకున్న తెల్లగుడ్డ అంచు చింపి ఇనుప చట్రానికి ముడేసింది. సమాధి ఎక్కడుందో గుర్తుండాలి కదా, అందుకు. మేస్త్రీ చూసి గెంటించాడు. కాపలావాళ్లకు ఆమె మొహం చూపించి, మళ్లీ రానివ్వొద్దన్నాడు.

ఆ గుడ్డ ఏం చేసిందో ఆమెకు చాలా ఏళ్లదాకా తెలియలేదు.

ఆమె కూతురు బార్చిన్ అప్పుడు పాకే పిల్ల. తండ్రి వదిలేసి పోయాడన్న మాట వింటూనే పెరిగింది. బళ్లో అదే అన్నారు, పెళ్లిచూపుల్లోనూ అదే అన్నారు. ఆ మనిషి పేరు నా ఇంట్లో ఎత్తొద్దని తల్లితో కచ్చితంగా చెప్పేసింది. నిజం చెప్పాలని సాబిరాకు ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. అత్త ఉన్నన్నాళ్లూ మింగింది. అత్త వీధి గుమ్మం వైపు మొహం పెట్టుకునే పోయింది. ఆ తర్వాత మింగడమే అలవాటైపోయింది.

ఈ వేసవిలో ఒక కబురు వచ్చింది. శీతాకాలంలో జనం రాని రోజులు చూసి, ఆ ఇనుప చట్రం ఉన్న గోడకు కాంక్రీటు పోసి, ఫొటోలు దిగడానికి అరుగు కడతారట. అది జరిగితే కొండ ఇక ఎప్పటికీ నోరు తెరవదు. సరిగ్గా ఆ వారమే అల్లుడు మెలిస్, తన కూతురు ఐదానా చాలా రోజులుగా అడుగుతోందని, ఆదివారం అందరం గుహ చూసొద్దామన్నాడు. ఎప్పుడూ కాళ్ల నొప్పులు చెప్పి తప్పించుకునే సాబిరా ఈసారి వస్తాననేసరికి అతను ఆశ్చర్యపోయాడు. ఆమె తెల్లవారుజామున లేచి ఏడు రొట్టెలు నూనెలో కాల్చింది. చనిపోయినవాళ్ల పేరున పంచేవి ఏడే. మూటకట్టి కోటు లోపల పెట్టుకుంది.

మెలిస్ కారు నడుపుతూ కూడా నోరు మూసుకునే మనిషి కాదు. వెనక డిక్కీలో పలావు కాగు, బియ్యం, క్యారెట్లు, మాంసం. గుహ చూశాక వాగు పక్కన వండుకోవాలని. గుహలో రాయైపోయిన పెళ్లికూతురు ఉందట, రెండో పెళ్లానికి ఒప్పుకుంటుందేమో కాస్త అడిగి పెట్టండి అత్తయ్యా అన్నాడు.

"అడుగమ్మా," అంది బార్చిన్. "ఒప్పుకుంటే వీణ్ని అక్కడే వదిలేసి వద్దాం. పలావు మనకే మిగులుతుంది."

నవ్వుకున్నారు. కానీ బార్చిన్ నవ్వు సగంలో ఆగింది. మెలిస్‌కు రష్యా కాగితాలు వచ్చాయి, శరదృతువులో ప్రయాణం. ఆ ఇంట్లో నెల రోజులుగా అదే పోట్లాట.

కాపలావాళ్లు మారిపోయారు. సాబిరా మొహం ఎవరికీ తెలియలేదు. టికెట్టు మీద 'పెళ్లికూతురి కన్నీళ్లు' అని ఉంది, కింద మేలిముసుగు వేసుకున్న రాతి బొమ్మ. దారి చూపే కుర్రవాడి పేరు ఉలాన్. గొంతు బాగుంది, మర్యాదస్తుడు. చెమ్మ మెట్ల మీద, అమ్మను పిలిచినట్టు "అపా, చెయ్యివ్వండి" అంటూ సాబిరాను ప్రతి మలుపులోనూ పట్టుకుని దింపాడు. ఎర్రదీపాల కింద రాళ్లు మాంసంలా, పచ్చదీపాల కింద పాచిలా మెరుస్తున్నాయి. ఐదానా ఎగురుతోంది. కిందికి పోయేకొద్దీ బయటి వేసవి వీపు మీంచి జారిపోయి, నూతిలోని చలి ఎదురొచ్చింది. ఎక్కడో నీటి చుక్క రాయి మీద పడుతోంది. ఆ చప్పుడు సాబిరాకు తెలుసు.

చివరి మలుపు తిరిగాక ఆమె కాళ్లు నిలిచిపోయాయి.

ఇనుప చట్రం కనబడలేదు. గుడ్డలే కనబడ్డాయి. ఎర్రవి, నీలివి, పిల్లల చొక్కా ముక్కలు, చేతిరుమాళ్లు, గుడ్డ దొరకనివాళ్లు కట్టిన ప్లాస్టిక్ సంచుల చెవులు. పొరలు పొరలుగా, గొర్రె ఉన్నిలా ఒత్తుగా. ముడేసిన గుడ్డ కనబడితే అది మొక్కుకునే చోటనుకుని ఇంకో గుడ్డ ముడేసే జనం వాళ్లు. సమాధికని సాబిరా కట్టిన గుర్తును చూసి మొదటి మనిషి ఒక కోరిక కట్టాడు, రెండో మనిషి ఇంకోటి. కంపెనీ చూసింది. అంత మంది దండం పెడుతున్న చోటికి కథ లేకపోతే ఎలా అని పెళ్లికూతురి కథ అల్లింది. ఇష్టంలేని పెళ్లి తప్పించుకుని ఈ రాళ్ల వెనక దాక్కున్న పిల్ల, ఆమె ఏడుపే ఈ నీటి చుక్కలు అని ఉలాన్ గొంతు తగ్గించి చెబుతున్నాడు. అందరూ మెత్తబడి వింటున్నారు.

ఐదానా జడ రిబ్బను విప్పి, సైకిలు కావాలని పైకే అంటూ కట్టింది. తర్వాత బార్చిన్ వంగింది. మెడకున్న పల్చటి గుడ్డ తీసి, భర్త అవతల ఫొటో తీస్తున్నాడని చూసుకుని, ముడేస్తూ గొణిగింది. సాబిరా పక్కనే ఉంది కాబట్టి వినబడింది. ఈయన్ని రష్యా పోనివ్వకు తల్లీ, మా నాన్నలా కానివ్వకు అంటోంది.

సాబిరా కూతురి చెయ్యి పట్టుకుంది.

"అక్కడ అడక్కు," అంది. "అక్కడున్నది పెళ్లికూతురు కాదు. మీ నాన్న."

బార్చిన్‌కు అర్థం కాలేదు. అర్థం కానివ్వడానికి వ్యవధి కూడా లేదు. గుహ చూపించే ప్రతిచోటా చేసేదే ఉలాన్ కూడా చేశాడు. ఇప్పుడు దీపాలన్నీ ఆర్పేస్తాను, ఎవరూ కదలొద్దు, ఫోన్లు తియ్యొద్దు, అసలైన చీకటి ఎలా ఉంటుందో చూడండి అన్నాడు. మీట నొక్కాడు.

కళ్లు తెరిచినా మూసినా ఒకటే. నిన్న మొన్నటిది కాదు, కొండ పుట్టినప్పటి చీకటి. పిల్లల కిచకిచ కూడా ఆగింది. అందులో సాబిరా గోడ వైపు తిరిగి మోకాళ్ల మీద కూర్చుంది. భర్త పోయిన ఆడది జనానికి వీపు పెట్టి, గోడకు మొహం పెట్టి కూర్చుంటుంది, ఆ ఊళ్లో అది పద్ధతి. ఆమె పాడాలని రాలేదు. రొట్టెలు పెట్టి పోదామని వచ్చింది. పాట దానంతట అదే లేచింది.

"కొండ బయట మేసింది నీ గోధుమరంగు గుర్రం,
కొండ లోపల నిదరోయింది నువ్వయ్యా నా దొరా.
దారి చూసి చూసి పోయింది నిన్ను కన్న తల్లి,
దారి లేని చోట దాచారు నిన్ను, నా ఎర్గెష్."

గొంతు రాళ్లకు తగిలి తిరిగొచ్చింది. ఒక్కామె పాడుతుంటే లోపల్నుంచి ఇంకెవరో అందుకుంటున్నట్టుంది. చీకట్లో ఎవరిదో మగగొంతు, రికార్డు బాగా పెట్టారే అంది. ఇంకొకరు ష్ అన్నారు. పేరు రెండోసారి వచ్చింది, ఇంటిపేరు వచ్చింది, తవ్విన పారతో సహా మూసేశారన్న మాట వచ్చింది. ఇది ఆట కాదని అప్పుడు అందరికీ ఒక్కసారే తెలిసినట్టుంది. ఉలాన్ చెయ్యి మీట మీదే ఉంది. అతను దీపం వెయ్యలేదు.

మెలిస్ నోట్లోంచి ఒక కేక వచ్చింది. చావింటికి దూరం నుంచి వస్తూ మగవాళ్లు పెట్టే కేక. మామయ్యా, నిన్ను చూడకుండానే పోగొట్టుకున్నాను మామయ్యా అని. పొద్దున పెళ్లికూతురి మీద వేళాకోళం చేసిన గొంతే అది. బార్చిన్ తడుముకుంటూ తల్లి పక్కకు చేరింది. ఆమెకు పాట రాదు. ద్వేషించడం నేర్పిన మనిషి కోసం ఏ మాటలు పాడాలో ఎవరూ నేర్పలేదు. గోడకు నుదురు ఆనించి "నాన్నా" అంది. పుట్టాక ఆ మాట ఎవరినైనా ఉద్దేశించి అనడం అదే మొదలు.

ఎవరో ముసలాయన, అంతవరకు ఎవరికీ తెలియని మనిషి, ఖురాన్ వాక్యాలు మెల్లగా చదివాడు. ఆయన ఆగాక, కనబడని అరచేతులన్నీ కనబడని మొహాల మీంచి కిందికి జారిన చప్పుడు వినబడింది.

దీపాలు వెలిగాయి. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. అందరూ చట్రం వైపే చూస్తున్నారు. గుడ్డలు కదులుతున్నాయి. బయటివైపుకు, వాళ్ల వైపుకు, ఒక్కో గుడ్డా కొనతో సహా లేస్తోంది, పడుతోంది, ఊపిరిలా. గుహలో ఇంకెక్కడా గాలి లేదు. ఐదానా తల్లి కోటులో మొహం దాచుకుంది.

సాబిరా మూట విప్పి రొట్టెలు తుంచింది. లోపల తినకూడదని గోడ మీద రాసే ఉంది. మొదటి ముక్క ఉలాన్ తీసుకున్నాడు.

"అపా, ఆ గాలి రోజూ వస్తుంది," అన్నాడు నేలచూపులు చూస్తూ. "పెళ్లికూతురి నిట్టూర్పని చెప్పమంటారు. రాళ్ల వెనక ఖాళీ ఉంది. నిండా పూడలేదు."

ఆ రోజు వాగు పక్కన పలావు వండలేదు. సాబిరా ఇంటికొచ్చి, గురువారం కాకపోయినా, వాకిట్లో అందరికీ కనబడేలా మూకుడు పెట్టింది. పక్కింటామె వచ్చి, ఏమీ అడక్కుండా కూర్చుని పిండి ముద్దలు చేసిచ్చింది. ఆమె భర్త ఆనాడు చెట్ల కింద టీ తాగినవాళ్లలో ఒకడు.

అప్పట్నుంచి బార్చిన్, మెలిస్ కార్యాలయాలన్నీ తిరుగుతున్నారు. గ్రామ కార్యాలయం ఇప్పటికీ ఎర్గెష్ రష్యాలోనే ఉన్నాడంటోంది. కంపెనీ, గుహ పేరు పాడుచేస్తే ఊరుకునేది లేదంటోంది. ఉలాన్‌ను ఆ వారమే పని మాన్పించారు. కాంక్రీటు పని మాత్రం మంచు పడగానే మొదలవుతుందట. మెలిస్ ప్రయాణం వాయిదా వేశాడు. ఎన్నాళ్లు వెయ్యగలడు?

అందుకే ఈ మాట మీతో. వెనక ఖాళీ ఉంటే తెరవచ్చు. తెరవడానికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు, పేర్చిన రాళ్లు తీస్తే చాలు. తీయనివ్వనిది భయం ఒక్కటే. ఒక్క కుటుంబం అడిగితే దాన్ని పిచ్చి అంటారు, వెళ్లిన ప్రతి కుటుంబమూ అడిగితే అనలేరు. పిల్లలతో ఆ గుహకు వెళ్తే ఆ గోడకు ఏ కోరికా కట్టకండి. పెళ్లికూతురి కథ చెబుతున్నప్పుడు మధ్యలోనే ఆపి, ఈ రాళ్లు ఎవరు పేర్చారు, ఎందుకు పేర్చారు అని అందరికీ వినబడేలా అడగండి. బయటికొచ్చి టికెట్లమ్మే కిటికీ దగ్గర మళ్లీ అడగండి, గ్రామ కార్యాలయానికి మీ పేరు పెట్టి రాయండి. మీ ఊరి దగ్గరా ఇలా దీపాలు పెట్టిన గుహ, గని, ఆనకట్ట ఏదో ఒకటి ఉంటుంది. అక్కడా మూసేసిన దారి కనబడితే, దాని వెనక ఎవరున్నారో అడగకుండా కదలకండి. ఇక్కడ మాత్రం మంచు పడకముందే అడగాలి.