స్టార్టరుకి కట్టిన తువ్వాలు

దెయ్యాల కబుర్లు ఎవరు మొదలుపెట్టినా లేచి టీ తాగడానికి వెళ్లిపోయే రకం నేను. రాయ్‌పూర్ పక్కన బీర్‌గావ్‌లో మా వీధిలో ఏడాది పొడవునా ఎవరికో ఒకరికి గాలి సోకుతూనే ఉంటుంది. రాత్రి నిమ్మకాయలు తిప్పించుకుని, పొద్దున్నే శుభ్రంగా ఉర్లా ఫ్యాక్టరీకి డ్యూటీకి పోతారు. నాకూ సోకితే ఓ పూట సెలవైనా దొరికేదని ఎగతాళి చేసేవాణ్ణి. ఇది చదివి మీరు నన్ను ఎగతాళి చేస్తే కాదనలేను.

మాది శ్రీకాకుళం వైపు. తాతగారు రైల్వే ఉద్యోగంతో రాయ్‌పూర్ వచ్చారు. నాకు స్విమ్మింగ్ పూల్ ఫిల్టర్ల పని నేర్పింది మా మావయ్య, అమ్మ తమ్ముడు.

పూల్ నీళ్లని మోటారు ఓ పెద్ద ట్యాంకులోకి తోస్తుంది. అందులో సగానికి పైగా ఇసుకే. మురికి ఇసుకలో ఆగిపోయి, తేటనీరు తిరిగి పూల్‌లోకి పోతుంది. ఇసుక బాగా మురికి పట్టాక వాల్వు పిడి తిప్పి, నీళ్లని అడుగునుంచి పైకి తన్నిస్తాం. దాన్నే బ్యాక్‌వాష్ అంటారు. కొన్నేళ్లకి ఇసుక గడ్డకట్టిపోయి అదీ పనిచేయదు. అప్పుడు పైమూత విప్పి, మనిషి లోపలికి దిగి తవ్విపోయాల్సిందే.

మనిషి లోపలుంటే మావయ్య తన ఆకుపచ్చ గళ్ల తువ్వాలుని మోటారు స్టార్టరుకి కట్టేవాడు. ఫీజు పీకి జేబులో వేసుకున్నా సరే, అదీ కట్టేవాడు. "ఫీజు ఇంకోటి ఎవుడైనా ఎట్టగలడ్రా అల్లుడూ. తువ్వాలు ఇప్పాలంటే మాత్రం, ఇది ఎవుడిదని అడగాల" అనేవాడు.

ఆయన గుండెపోటుతో పోయాడు. తర్వాత కొన్నాళ్లకి, మండు వేసవిలో, ఒక క్లబ్బులో ఇసుక మార్చే పని నాకు వచ్చింది.

అక్కడ ఫిల్టరు పూల్ వెనక గుంటలో ఉంటుంది. స్టార్టరు గోడకి అవతలి గదిలో. ఒక చోటినుంచి ఇంకోటి కనపడదు. బ్యాక్‌వాష్ చేసి, మోటారు ఆపి, ట్యాంకులో నీళ్లు బయటికి వదిలేసి, పిడిని అలాగే ఉంచాను. ఫీజులు పీకి జేబులో వేసుకున్నాను. నా తెల్ల తువ్వాలు చెమట కోసం తలకి చుట్టుకున్నాను. ఫీజులు నా దగ్గరే ఉన్నాయి కదా, ఇంకేం భయం అనుకున్నాను.

పైమూత విప్పి దిగాను. భుజాలు వంకర తిప్పితే తప్ప పట్టని కంత అది. లోపల ఉక్క, క్లోరిన్ వాసన. మోకాళ్ల దాకా తడి ఇసుకలో దిగబడి, పారతో గడ్డలు పగలగొడుతున్నాను.

అప్పుడు అవతలి గదిలో అడుగుల చప్పుడు పైపు వెంట వినబడింది. తర్వాత టక్కుమని ఫీజు బిగించిన చప్పుడు.

పిడి బ్యాక్‌వాష్ మీదే ఉంది. మోటారు తిరిగితే నీళ్లు నా కాళ్ల కిందనుంచి తన్నుకొస్తాయి, ఇసుక ఊబి అయిపోతుంది. అరిచాను. అరుపంతా ట్యాంకులోనే తిరిగింది. కాలు లాగుదామంటే రాలేదు. ఇంట్లో మా ఆవిడ నిండు గర్భిణి. ఆమె మొహం ఒక్కటే కళ్లముందు మెదిలింది.

మోటారు తిరగలేదు.

కాసేపటికి కంత మీద ఒక మొహం కనిపించి, "భీతర్ మా కోన్ హే గా?" అని అరిచింది, లోపల ఎవరని. క్లబ్బులో కొత్తగా చేరిన సూపర్‌వైజరు సాహూ. నన్ను చూడగానే అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

సాయంత్రం పిల్లలు ఈతకి వస్తారు, మోటారు ఆగి ఉంది. ఫీజులు కొట్టేస్తే ఎవరో పీకేశారనుకుని వేరేవి పెట్టాడట. "గమ్ఛా దేఖ్ కే రుక్ గయా భైయా, నై తో బటన్ దబా దేతా" అన్నాడు. స్టార్టరుకి తువ్వాలు కట్టి ఉందట. ఎవరిదో అడుగుదామని ఇటు వచ్చాడట, లేకపోతే నొక్కేసేవాడే. ఎలాంటిదని నేను అడగకముందే చెప్పాడు: ఆకుపచ్చ గళ్లది, తడిగా ఉంది.

అతను చెయ్యందిస్తే పైకి వచ్చాను. ఇద్దరం ఆ గదికి పరుగెత్తాం. స్టార్టరు మీద ఏమీ లేదు.

తోటమాలిని, వాచ్‌మన్‌ని అడిగాను. ఎవరూ ఆ గదివైపు రాలేదన్నారు. సాహూ మా మావయ్యని ఎన్నడూ చూసినవాడు కాదు. అబద్ధం ఆడితే అతనికి ఒరిగేదేమిటో ఎంత ఆలోచించినా తట్టలేదు.

ఆ సాయంత్రమే గుఢియారీలో మావయ్య ఇంటికి, అత్తయ్య దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను. కూర తరుగుతున్న చెయ్యి ఆపింది.

"ఆ తువ్వాలు నానే ఆయన మీద కప్పి కాటికి పంపీసేన్రా" అంది. కత్తిపీట పక్కకి జరిపింది. తర్వాత, "నీకోసం అంత దూరం వచ్చినోడు, నాకు ఒక్కపాలి కల్లోనైనా అగుపడ్నేదు" అంది.

బతికి బయటపడ్డానన్న సంతోషం ఆవిడ ముందు సిగ్గుగా అనిపించింది. ఆ రోజు సాహూ ఏం చూశాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ పూట మాత్రం తల దించుకుని, ఆవిడ పెట్టిన అన్నం తిని వచ్చేశాను.