కిటికీ బాబాయ్

మలుపులో సెలూన్ నడిపే ఆయన్ని వీధి వీధంతా కిటికీ బాబాయ్ అంటుంది. మహమ్మారి వచ్చిన ఏడాది తెరిచిన కిటికీని ఆయన ఇంతవరకు మూయలేదు. చలిగాలి కొట్టినా, కత్తిరించిన జుట్టు గదంతా ఎగిరినా, విసుక్కుంటూ ఊడ్చుకుంటాడే గానీ రెక్క మాత్రం దగ్గరికి వేయడు. చేతులకు నురగ ఉంటే, జారిన మాస్కును ముంజేత్తో పైకి నెట్టుకుంటాడు. రెండో కుర్చీని రోజూ తుడుస్తాడు, ఎవరినీ కూర్చోనివ్వడు. ఆ కుర్చీ దగ్గర నిలబడి పనిచేసిన తమ్ముణ్ని ఆ జబ్బే పొట్టన పెట్టుకుంది.

మొన్న పొద్దున బస్సు డ్రైవరు గడ్డం గీయించుకోవడానికి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఒక చెంప పూర్తయ్యేసరికి చలికి వణికి, దగ్గి, చెయ్యి చాపి కిటికీ మూసేశాడు. బాబాయ్ కత్తి పక్కన పెట్టి చేతులు కట్టుకున్నాడు.

"అదేంటి బాబాయ్, సగంలో వదిలేశావ్? బస్సుకి టైమవుతోంది!"

"ముందు కిటికీ తియ్యి."

డ్రైవరు అద్దంలో తన సగం గడ్డాన్ని చూసుకున్నాడు. ఆ మొహంతో బస్సెక్కలేక, గొణుక్కుంటూ రెక్క తోశాడు.

"ఆ వైరస్ ఇక పోదట, మనతోనే ఉండిపోతుందట. ఇంకా ఎన్నాళ్లు బాబాయ్ నీకీ చాదస్తం?"

బాబాయ్ ఆరిపోయిన చెంపకు మళ్లీ నురగ పూశాడు.

"ఉంటే ఉండనీరా. గడ్డం మాత్రం పోయిందా? రోజూ వస్తూనే ఉంది, రోజూ గీస్తూనే ఉన్నాను. తల కదపకు."